డిస్క్ గోల్ఫ్ స్పాన్సర్‌షిప్ వచ్చింది, సంతకం పెట్టాలా వద్దా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా డిస్క్ గోల్ఫ్ (డిస్క్ విసిరి గొలుసులున్న బుట్టలో వేసే ఆట) ఆడుతున్నా. ఈ ఆట సంఘం పీడీజీఏ ఇచ్చే రేటింగ్ 948, ఇంకా అమెచ్యూర్ విభాగంలోనే ఉన్నా. మొన్న ఒక డిస్క్ కంపెనీ నుంచి మా టీమ్‌లో చేరమని మెయిల్ వచ్చింది. ఏడాది అగ్రిమెంట్. డిస్కులు సగం ధరకి ఇస్తారు, రెండు జెర్సీలు ఇస్తారు. టోర్నమెంట్లలో వాళ్ల డిస్కులే వాడాలి, నెలకి నాలుగు పోస్టులు పెట్టాలి. డబ్బు మాటే లేదు. స్టార్ ఆటగాడు పాల్ మెక్‌బెత్‌కి కోటి డాలర్లు ఇచ్చారని విని నేనే ఏదేదో ఊహించుకున్నానేమో. ఒప్పుకోమంటారా? ఒప్పుకుంటే నన్ను ప్రో కింద లెక్కేస్తారా?

జవాబు:
తమ్ముడూ, ముందుగా అభినందనలు. ప్రో సంగతి తేలిక. ప్రో విభాగంలో ఆడి నగదు బహుమతి తీసుకుంటే ప్రో అవుతావు. కంపెనీ ఇచ్చే డిస్కులు, జెర్సీల వల్ల అమెచ్యూర్ హోదా పోదు.

ఇక మెక్‌బెత్ విషయం. 2012 నుంచి 2015 వరకు వరసగా నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్ అతను. 2019లో ఇన్నోవా కంపెనీ వదిలి డిస్క్రాఫ్ట్‌కి వెళ్లి, ఆ ఏడాదే మళ్లీ గెలిచాడు. డిస్క్రాఫ్ట్‌తో పదేళ్లకి కోటి డాలర్ల ఒప్పందం 2021లో కుదిరింది. ఆ డబ్బుకి మూలం అతని పేరు మీద వచ్చే డిస్కులు. లూనా పుటర్ (దగ్గర నుంచి బుట్టలో వేసే డిస్క్) ఉంది, అనాక్స్ డ్రైవర్ (దూరం విసిరే డిస్క్) ఉంది. అతను ఆడేదే తామూ విసరాలని జనం కొంటారు, కంపెనీ అందులోంచి అతనికి ఇస్తుంది.

ఒక్క త్రో ఎంత పని చేస్తుందో చూడాలంటే 2021లోనే యూటా రాష్ట్రం ఆగ్డెన్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ గుర్తు తెచ్చుకో. చివరి హోల్. జేమ్స్ కాన్రాడ్ మెక్‌బెత్ కంటే ఒక స్ట్రోక్ వెనకున్నాడు. దాదాపు 247 అడుగుల దూరం నుంచి విసిరిన డిస్క్ నేరుగా బుట్ట చైన్లలో పడింది, స్కోర్లు సమమయ్యాయి. ప్లేఆఫ్‌లో అతనే గెలిచాడు. విసిరింది ఎన్వీ అనే పుటర్, ఎంవీపీ కంపెనీ వాళ్ల యాక్సియమ్ బ్రాండ్. కాన్రాడ్ ఆ కంపెనీ టీమ్‌లో చేరింది ఆ ఏడాదే. ఆ తర్వాత ఎన్వీకి ఎంత గిరాకీ లేచిందో అప్పట్లో ఆడుతున్నవాళ్లకి బాగా గుర్తుంటుంది.

అంటే కంపెనీ చూసేది ఈ ఆటగాడి వల్ల ఎన్ని డిస్కులు అమ్ముడవుతాయన్నదే. నీకొచ్చిన ఆఫర్‌ని కూడా అలాగే చూడు. నెలకి నాలుగు పోస్టులంటే ఏడాదికి 48. ఒక్కోదానికి వీడియో తీయడం, కత్తిరించడం, రాయడం. అది నీ పని, వాళ్ల ప్రకటన. దానికి బదులు నీకొచ్చేది తగ్గింపు ధర. అదీ నువ్వు కొంటేనే! గత ఏడాది ఎన్ని డిస్కులు కొన్నావో రాసుకో. పది కొనేవాడివైతే మిగిలేది అయిదు డిస్కుల ధర. దానికోసం 48 పోస్టులు పెట్టడం నీకు ఇష్టమేనా అని ఆలోచించు. ఆ కంపెనీ డిస్కులంటే నిజంగా ప్రాణమైతే సంతోషంగా చేయొచ్చు, అందులో తప్పేం లేదు.

మరొకరు:
పైన చెప్పినదంతా నిజమండీ. నా అనుభవం ఒకటి కలుపుతాను. మూడేళ్ల కింద ఇలాంటి అగ్రిమెంట్ మీదే సంతకం పెట్టాను, కంపెనీ పేరు వద్దు. డ్రైవర్లు మార్చుకోవడానికి నెల పట్టింది. పుటర్ దగ్గర దెబ్బ తిన్నాను. నా పాత పుటర్‌కి రిమ్ అడుగున సన్నటి గట్టు ఉండేది, వేళ్లు దాన్ని వెతుక్కుని పట్టుకునేవి. కొత్తదానికి అది లేదు, ప్లాస్టిక్ కూడా నున్నగా ఉండేది. వదిలే క్షణంలో వేళ్లు తడబడి డిస్క్ కుడివైపు జారేది. 20 అడుగుల నుంచి కళ్లు మూసుకుని వేసేవి చైన్లకి తగిలి బయటపడేవి. ఆ సీజనంతా అలాగే పోయింది. రాత్రిళ్లు లైటు వేసుకుని రోజుకి వంద పుట్‌లు వేసినా చేయి ఒప్పుకోలేదు. ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

కాబట్టి సంతకానికి ముందే ఆ కంపెనీ పుటర్లు రెండు మీ డబ్బుతో కొని కనీసం ఆరు వారాలు వాటితోనే ఆడండి. చేతికి కుదరకపోతే అగ్రిమెంట్‌లో పుటర్‌కి మినహాయింపు అడగండి. కింది స్థాయి ఒప్పందాల్లో అడిగితే ఇచ్చే కంపెనీలున్నాయి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా, మీకు కూడా అండీ. నా పుటర్ ఇన్నోవా ఏవియార్, దాన్ని వదులుకోవడం నావల్ల కాదు. డ్రైవర్లలో సగం ఇప్పటికే వీళ్లవే. అగ్రిమెంట్ మూడు పేజీలుంది. దేని మీద దృష్టి పెట్టాలి?

జవాబు:
అన్నిటికంటే ముందు "మా డిస్కులే" అన్న మాటకి హద్దు ఎక్కడో చూడు. కొన్ని కంపెనీలకి ఒకటి కంటే ఎక్కువ బ్రాండ్లుంటాయి. ఎంవీపీ, యాక్సియమ్, స్ట్రీమ్‌లైన్ ఒకే గూటివి. లాటిట్యూడ్ 64, వెస్ట్‌సైడ్, డైనమిక్ డిస్క్స్‌కి స్వీడన్‌లోని ఒకే ఫ్యాక్టరీలో డిస్కులు తయారయ్యేవి. అన్నీ వాడొచ్చంటే నీ బ్యాగ్‌కి ఊపిరాడుతుంది. ఆంక్ష టోర్నమెంట్‌కేనా, సరదాగా ఆడే రౌండ్లకి కూడానా? బ్యాగు, బూట్లు, టోపీ కూడా వాళ్లవేనా? ఇవి రాతలో ఉండాలి.

తర్వాత ఆటోమేటిక్ రెన్యువల్. ఫలానా తేదీలోగా వద్దని రాయకపోతే ఇంకో ఏడాది కట్టుబడినట్టే అని ఎక్కడో ఓ మూల ఉండొచ్చు. నువ్వు బయటికొచ్చాక నీ ఫొటోలు, వీడియోలు ఎంతకాలం వాడుకుంటారన్నది కూడా వెతుకు. మధ్యలో గాయమై ఆడలేకపోతే ఏమవుతుందో రాయకపోతే రాయమను. వయసు 18 దాటకపోతే అమ్మానాన్నలు చదివి సంతకం పెట్టాలి.

ఏవియార్ గురించి దాచకు. ఇవాళే వాళ్లకి మెయిల్ పెట్టు. "మీ డ్రైవర్లు ఎప్పటినుంచో వాడుతున్నాను, పుటర్ మాత్రం మార్చలేను, ఈ ఒక్కదానికి మినహాయింపు ఇస్తే సంతకం పెడతాను" అని నాలుగు ముక్కల్లో రాయి. జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకో, ఫోన్‌లో చెప్తామంటే ఒప్పుకోకు.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే పంపించాను అన్నా. పోస్టులు నెలకి రెండు చేయమని కూడా అడిగాను. ఏమన్నారో ఇక్కడే చెప్తాను.