మానిటర్ లేని డెబియన్ సర్వర్‌లో వర్చువల్ మెషిన్లు: వర్చువల్‌బాక్సా, కేవీఎమ్మా?

ప్రశ్న:
నమస్కారమండీ. మా ఆడిటరు ఆఫీసులో పాత టవర్ కంప్యూటర్ ఒకదాన్ని సర్వర్‌గా వాడుతున్నాం. ఇంటెల్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, డెబియన్ 12. మానిటర్ లేదు, పనంతా ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి ఆదేశాలిచ్చే దారి) మీదే. పన్ను లెక్కల పాత సాఫ్ట్‌వేర్ ఒకటి విండోస్ 10లో తప్ప నడవదు. దాన్ని వర్చువల్ మెషిన్‌లో (సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ లోపలే నడిచే మరో కంప్యూటర్) పెట్టి, మిగతా సీట్ల నుంచి అందరూ వాడుకోవాలి. పరీక్షల కోసం ఒక లినక్స్ మెషిన్ కూడా కావాలి. అలాంటి మెషిన్లు నడపడానికి నాకు వర్చువల్‌బాక్స్ అలవాటు. అదే వేయమంటారా?

జవాబు:
వద్దండీ, కేవీఎం వేయండి. మీ సొంత ల్యాప్‌టాప్‌లో అయితే వర్చువల్‌బాక్స్ బాగానే ఉంటుంది. డెబియన్ 12 సొంత రిపాజిటరీలో అది లేదు, బయటి నుంచి తెచ్చుకోవాలి. కెర్నల్‌లో (లినక్స్ గుండెకాయ) చేరే దాని భాగాలను, అంటే మాడ్యూళ్లను, కెర్నల్ మారిన ప్రతిసారీ మళ్లీ కంపైల్ చేయాలి. సెక్యూర్ బూట్ (సంతకం లేని మాడ్యూళ్లను అడ్డుకునే రక్షణ) ఉంటే వాటికి సంతకం కూడా పెట్టాలి. అవన్నీ సరిగా జరిగినంతకాలం ఏమీ తెలియదు. ఏదో సోమవారం పొద్దున అప్‌డేట్ తర్వాత మెషిన్ లేవకపోతే మాత్రం ఆఫీసంతా మీ వైపే చూస్తుంది.

కేవీఎం కూడా వర్చువల్ మెషిన్లు నడిపేదే, కానీ 2007లో 2.6.20 వెర్షన్‌తోనే లినక్స్ కెర్నల్‌లో భాగమైపోయింది. కెర్నల్‌తో పాటే అదీ అప్‌డేట్ అవుతుంది. రెండూ వేసి చూద్దామని మాత్రం అనుకోకండి. ఇద్దరికీ కావలసింది ప్రాసెసర్‌లోని ఒకే సదుపాయం. కెర్నల్ 6.12 నుంచి కేవీఎం మాడ్యూల్ లోడ్ కాగానే దాన్ని తన చేతిలోకి తీసుకుంటుంది, అప్పుడు వర్చువల్‌బాక్స్‌లో మెషిన్ మొదలు కాదు. రేపు డెబియన్ 13కి మారితే అందులో ఉన్నది 6.12 కెర్నలే.

ముందు స్లాష్ డెవ్ ఫోల్డర్‌లో కేవీఎం అనే ఫైలు ఉందేమో చూడండి. లేకపోతే ఏ ప్యాకేజీ వేసినా మెషిన్లు నత్తనడకే. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకోగల సెట్టింగుల తెర) ప్రాసెసర్ సెట్టింగుల కింద ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేయాలి. ఏఎండీ బోర్డుల్లో దాన్నే ఎస్‌వీఎం మోడ్ అంటారు. దీనికోసం ఒకసారి మానిటర్, కీబోర్డు తగిలించక తప్పదు.

తర్వాత డెబియన్‌లో ప్యాకేజీలు వేసే ఆప్ట్‌ ఆదేశంతో మూడు ప్యాకేజీలు వేయండి: క్యూఈఎంయూ-సిస్టమ్-ఎక్స్86, లిబ్‌విర్ట్-డెమన్-సిస్టమ్, విర్ట్‌ఇన్‌స్ట్. (పేర్లు, ఆదేశాలు పలికినట్టు రాస్తున్నాను, టైపు మాత్రం ఆంగ్లంలోనే.) మెషిన్లను సంబాళించేది లిబ్‌విర్ట్, కాబట్టి మీ యూజరును లిబ్‌విర్ట్ గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ రండి. లాగౌట్ కాకుండా ‘అనుమతి లేదు’ అని రాసేవారు ఇక్కడ వారానికొకరైనా ఉంటారు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. బయోస్‌లో ఆఫ్‌లోనే ఉంది, ఆన్ చేశాను. ఇప్పుడు రెండు చిక్కులు. రూట్‌గా (సర్వాధికారాలున్న యూజరుగా) లినక్స్ మెషిన్ తయారు చేయబోతే ‘డిఫాల్ట్ నెట్‌వర్క్ యాక్టివ్‌గా లేదు’ అంటోంది. విండోస్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ సీడీ మొత్తం ఉన్న ఫైలు) నా హోమ్ ఫోల్డర్‌లో ఉంది, దాన్ని తెరవడానికి అనుమతి లేదంటోంది. ఆ ఫైలుకు అన్ని అనుమతులూ ఇచ్చాను!

జవాబు:
నెట్‌వర్క్ సంగతి తేలిక. డెబియన్ దాన్ని తనంతట తాను మొదలుపెట్టదు. లిబ్‌విర్ట్ ఆదేశం విర్ష్‌తో ‘విర్ష్ నెట్-స్టార్ట్ డిఫాల్ట్’ కొట్టండి, తర్వాత ‘విర్ష్ నెట్-ఆటోస్టార్ట్ డిఫాల్ట్’. రెండోది మరిస్తే రీబూట్ తర్వాత మళ్లీ ఇదే పాట.

ఐఎస్ఓ విషయంలో తప్పు ఫైలుది కాదు, దారిది. మెషిన్లను నడిపేది లిబ్‌విర్ట్-క్యూఈఎంయూ అనే వేరే యూజరు. అతనికి మీ హోమ్ ఫోల్డర్‌లోకి అడుగుపెట్టే హక్కు లేదు, లోపల ఫైలు ఎంత తెరిచి ఉంచినా ఏం లాభం? హోమ్ ఫోల్డర్ అనుమతులు సడలించకండి. ఐఎస్ఓను వార్, లిబ్, లిబ్‌విర్ట్, ఇమేజెస్ అనే వరుసలో ఉన్న ఫోల్డర్‌లోకి మార్చండి.

ఇంకొకటి. రూట్‌గా చేసిన మెషిన్ మామూలు యూజరుగా ‘విర్ష్ లిస్ట్’ కొడితే కనబడదు, కంగారు పడకండి. డెబియన్‌లో మామూలు యూజరుకు విర్ష్ విడిగా ఒక సెషన్ చూపిస్తుంది. కనెక్ట్ ఐచ్ఛికంలో ‘సిస్టమ్’ అని చెబితే అసలు జాబితా వస్తుంది.

మరో సభ్యుడు:
విండోస్‌కు డిస్కు విర్ట్ఐఓ (వర్చువల్ మెషిన్ల కోసమే చేసినది) రకంగా ఇస్తే వేగం బాగుంటుంది. కానీ దాని డ్రైవరు విండోస్‌లో లేక ఇన్‌స్టాలర్‌లో డిస్కుల జాబితా ఖాళీగా కనిపిస్తుంది. విర్ట్ఐఓ-విన్ ఐఎస్ఓను రెండో సీడీగా తగిలించి, ‘లోడ్ డ్రైవర్’ నొక్కి, వియోస్టోర్ ఫోల్డర్‌లో డబ్ల్యూ10, ఆ లోపల ఏఎండీ64 ఎంచుకోండి. ప్రాసెసర్ ఇంటెల్‌ది అయినా ఏఎండీ64నే. నెట్‌వర్క్ డ్రైవరు నెట్‌కేవీఎం, అదీ ఆ సీడీలోనే ఉంటుంది. తెర చూడటానికి సర్వర్‌లో వీఎన్‌సీ (తెరను దూరం నుంచి చూపేది) 5900 పోర్టు మీద ఉంటుంది, బయటికి తెరవకుండా ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్‌లో తెచ్చుకోండి.

ప్రశ్న అడిగినవారు:
విండోస్ వచ్చిందండీ! సర్వర్ నుంచి పింగ్ కూడా వెళ్తోంది. కానీ మిగతా సీట్ల నుంచి అందడం లేదు. చిరునామా 192.168.122తో మొదలవుతోంది, మా ఆఫీసుది 192.168.1.

జవాబు:
డిఫాల్ట్ నెట్‌వర్క్ తీరే అంత. అది నాట్. లోపలివారు బయటికి వెళ్లగలరు, బయటివారు లోపలికి రాలేరు. మీకు కావలసింది బ్రిడ్జ్, అంటే మెషిన్‌ను నేరుగా ఆఫీసు నెట్‌వర్క్‌లో కలిపే వంతెన. బ్రిడ్జ్-యూటిల్స్ వేసి, నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఫైలులో బీఆర్0 అనే బ్రిడ్జ్ సృష్టించి, సర్వర్ ఐపీని నెట్‌వర్క్ కార్డు నుంచి తీసి దానికి ఇవ్వాలి. కార్డుకు ఇక ఐపీ ఉండకూడదు. ఎక్కువమంది రెండింటికీ ఉంచేసి తిప్పలు పడతారు. విండోస్ మెషిన్ కార్డును బీఆర్0కి మార్చితే మీ రూటరే 192.168.1 చిరునామా ఇస్తుంది.

ఈ మార్పు ఎస్‌ఎస్‌హెచ్‌లో కూర్చుని చేయకండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా సర్వర్ చేయి జారిపోతుంది, మానిటర్ తగిలించే చేయండి. సర్వర్ వైఫైలో ఉంటే ఈ పద్ధతి పనికిరాదు, కేబుల్ వేయాల్సిందే. డాకర్ (కంటైనర్లు నడిపేది) కూడా అందులో నడుస్తుంటే అది ఫైర్‌వాల్‌లోని ఫార్వర్డ్ నియమాన్ని డ్రాప్‌గా మార్చి బ్రిడ్జ్ ట్రాఫిక్‌ను ఆపేసే అవకాశం ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నా పింగ్ రాకపోతే మొదట అక్కడ చూడండి.

ప్రశ్న అడిగినవారు:
డాకర్ లేదండీ, కేబులే ఉంది. బ్రిడ్జ్ పనిచేసింది, అన్ని సీట్ల నుంచీ విండోస్ అందుతోంది. చివరిగా ఒక్కటి: షట్‌డౌన్ ఆదేశానికి లినక్స్ మెషిన్ కదలడం లేదు. ‘విర్ష్ డిస్ట్రాయ్’ కొట్టాలంటే భయం. మొత్తం పోతుందా?

జవాబు:
పోదు. అది కరెంటు ప్లగ్ పీకడం లాంటిది, డిస్కు ఫైలు అక్కడే ఉంటుంది. మెషిన్ వివరాలను తీసేసేది ‘అన్‌డిఫైన్’. అయినా విండోస్ మీద డిస్ట్రాయ్ అలవాటు చేసుకోకండి, లెక్కల ఫైలు సగం రాసి ఉన్నప్పుడు పీకితే పాడవుతుంది. ఇక మెషిన్ డిస్కు ఫైలు క్యూకౌ2 రకం అయితే ఫైలు చిన్నదిగా మొదలై పెరుగుతూ పోతుంది. సర్వర్ డిస్కు నిండిందంటే మెషిన్ ‘పాజ్డ్’ అని కనిపించి నిలిచిపోతుంది. అప్పుడు రీస్టార్ట్ చేయకుండా, చోటు ఖాళీ చేసి ‘విర్ష్ రెజ్యూమ్’ కొట్టండి.