వీర్యకణాలపై పరిశోధన చేయాలని ఉంది, ఎటు వెళ్ళమంటారు?

నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బరంపురంలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. పశువుల ఆసుపత్రిలో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ నుంచి తీసిన వీర్యపు స్ట్రాను (వీర్యం నింపి దాచే సన్నని గొట్టాన్ని) గోరువెచ్చని నీటిలో కరిగించి, ఒక చుక్కను సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు, కొన్ని కణాలు చురుగ్గా ఈదుతుంటే మరికొన్ని ఉన్నచోటే తోక ఆడిస్తూ ఉండిపోయాయి. గడ్డకట్టి కరిగే క్రమంలో కణం పొరకు జరిగే ఆ నష్టంపైనే పరిశోధన చేయాలని నా కోరిక. ఇలా గడ్డకట్టించి దాచడం మనుషుల విషయంలోనూ ఉంది: 1978లో కలకత్తాలో భారత తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు దుర్గ పుట్టుకకు డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ గడ్డకట్టించి దాచిన పిండాన్నే వాడారు. నెట్ (జాతీయ అర్హత పరీక్ష)లో జేఆర్ఎఫ్ (పరిశోధకులకిచ్చే ఫెలోషిప్) వస్తే హైదరాబాద్ సీసీఎంబీకి (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రానికి) ప్రయత్నించడం మేలా, ముంబైలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) పునరుత్పత్తి, శిశు ఆరోగ్య పరిశోధన సంస్థకా? ఇంట్లోవారేమో సంతాన సాఫల్య కేంద్రంలో ఉద్యోగం చూసుకోమంటున్నారు. అక్కడ చేరాక మళ్ళీ పరిశోధన వైపు రావడం కుదురుతుందా? ఈ రంగంలో ఉన్న పెద్దలు దయచేసి చెప్పగలరు.