పాత కారుకి కొత్త టైర్లు: ఎక్కడ కొనమంటారు?

అడిగినవారు:
నాన్నగారు వాడిన కారు ఇప్పుడు నా దగ్గరుంది. పద్నాలుగేళ్ల బండి. ఇంజను బాగుంది, తిరుగుడు మాత్రం తక్కువ. టైర్ల మీద గాళ్లు ఇంకా బాగానే కనిపిస్తున్నాయి గానీ పక్కల సన్నటి పగుళ్లు వచ్చాయి. మెకానిక్ చూసి నాలుగూ మార్చెయ్యమన్నాడు. ఎక్కడ కొనాలో తేలక తిరుగుతున్నాను. సర్వీస్ సెంటర్‌లో ఎక్కువ చెప్తున్నారు. టైర్ల షాపుల్లో తక్కువే గానీ ఒక్కొక్కరు ఒక్కో కంపెనీని పొగుడుతున్నారు. ఆన్‌లైన్‌లో ఇంకా తక్కువ. ఈలోగా తెలిసినాయన ఒకరు, "ఇంకో మూడు నాలుగేళ్లు తిప్పే బండికి కొత్తవెందుకమ్మా, మంచి సెకండ్‌హ్యాండ్‌వి ఇప్పిస్తాను" అంటున్నారు. అసలు మార్చాల్సిందేనా? మార్చాలంటే ఎక్కడ?

టైర్ల పనిలో ఉన్న సభ్యుడు:
అమ్మా, ఎక్కడికీ వెళ్లకముందు మీ టైర్లు ఎప్పుడు తయారయ్యాయో చూడండి. టైరు పక్క గోడ మీద డీఓటీ అన్న అక్షరాలతో మొదలయ్యే వరస ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెలే మనకి కావాలి. 3117 అని ఉంటే 2017లో 31వ వారంలో తయారైందని. బయటివైపు ఆ అంకెలు లేకపోతే కంగారు పడకండి, పూర్తి వరస లోపలివైపు ఉంటుంది, టార్చిలైటు పట్టి వంగి చూడాలి.

గాళ్లు ఉన్నాయి కాబట్టి టైరు బాగుందనుకోవడం చాలామంది చేసే పని. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వస్తే టైరు అయిపోయినట్టే, అందుకే గాళ్ల అడుగున అక్కడక్కడా చిన్న గట్లు పెట్టి ఉంచుతారు. అరుగుదల ఆ గట్ల దాకా వస్తే మార్చడమే. కానీ అది బాగా తిరిగే బండి లెక్క. మీలాంటి బండికి టైరు అరిగి పోదు, ముదిరి పోతుంది. గాలిలో ఉండే ఓజోన్, ఎండ, వేడి రబ్బరుని గట్టిపరుస్తాయి. దాన్ని ఆపడానికి రబ్బరులో ఒక రకం మైనం కలుపుతారు. చక్రం తిరుగుతూ టైరు నలుగుతూ ఉంటేనే ఆ మైనం పైకి ఊరి పొరలా కాపాడుతుంది. బండి కదలకుండా ఒకేచోట ఉంటే ఆ పొర సరిగా నిలవదు, పగుళ్లు తొందరగా పడతాయి. మీవి అవే అయ్యుండాలి.

తయారై అయిదేళ్లు దాటిన టైరుని ఏడాదికోసారి తెలిసినవాళ్లతో చూపించుకోవాలి, పదేళ్లు నిండితే గాళ్లు ఎంత లోతున్నా తీసేయాలి. పెద్ద టైర్ల కంపెనీలు చెప్పే మాట ఇది. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి, మీ కారు పుస్తకంలో ఏం రాశారో చూడండి. అంకెలు, సైజు ఇక్కడ పెట్టండి. తర్వాత షాపు సంగతి మాట్లాడుకుందాం.

అడిగినవారు:
చూశానండీ. ముందువి రెండూ 4015, వెనకవి 0816. స్టెప్నీ బండితోపాటు వచ్చిందే, 2011 నాటిది. దాన్ని ఎప్పుడూ వాడలేదు, కొత్తదానిలా మెరుస్తోంది. సైజు 175/65 ఆర్ 14, 82 టి. ఈ సైజు ఇప్పుడు పెద్దగా రావడంలేదు, 185/65 వేసుకోండి, వెడల్పు టైరుకి పట్టు ఎక్కువ అన్నారు ఒక షాపులో.

టైర్ల పనిలో ఉన్న సభ్యుడు:
అయితే మెకానిక్ చెప్పింది నిజమే, నాలుగూ మార్చండి. స్టెప్నీ కూడా. మెరుపు చూసి నమ్మకండి, డిక్కీలో కూర్చున్నా రబ్బరు వయసు ఆగదు.

సైజు విషయం జాగ్రత్త. 175 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతు. 14 అంటే రిమ్ము అంగుళాలు. లెక్క కడితే మీ టైరు మొత్తం ఎత్తు సుమారు 583 మిల్లీమీటర్లు. 185/65 వేస్తే 596 అవుతుంది, అంటే రెండు శాతం పైన పెరుగుతుంది. అప్పుడు అదే వేగానికి స్పీడోమీటరు ఇదివరకటి కన్నా తక్కువ చూపిస్తుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల రాసుకునే ప్రమాదమూ ఉంటుంది. వెడల్పే కావాలంటే 185/60 మేలు, దాని ఎత్తు సుమారు 578, తేడా ఒక శాతం లోపే. అదైనా కారు పుస్తకంలో గాని డ్రైవరు తలుపు పక్కన అంటించిన కాగితం మీద గాని ఉంటేనే. నన్నడిగితే అసలు సైజే వెతకండి. పాత సైజు షాపుల్లో పేర్చి ఉండకపోవచ్చు గానీ తెప్పించమంటే చాలామంది తెప్పిస్తారు.

82 అన్నది బరువు సంఖ్య, ఒక్కో టైరు 475 కిలోలు మొయ్యగలదని. టి అంటే గంటకి 190 కిలోమీటర్ల వేగం దాకా పనికొస్తుందని. ఈ రెండిట్లో దేనికీ తక్కువది తీసుకోవద్దు. ఎక్కువదైతే ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఎక్కడ అన్నది. మీ బండి తిరిగేది తక్కువ కాబట్టి లక్ష కిలోమీటర్లు వస్తుందని చెప్పి అమ్మే గట్టి రకం టైరు మీకు దండగ. ఆ కిలోమీటర్లు తిరిగేలోపే దాని వయసు అయిపోతుంది. తడి రోడ్డు మీద బాగా ఆగే మధ్యరకం టైరు తీసుకోండి, అన్నిటికన్నా ముఖ్యంగా తాజాది తీసుకోండి. పదేళ్ల లెక్క మీరు కొన్న రోజు నుంచి కాదు, తయారైన వారం నుంచి. షాపులో రెండేళ్లు కూర్చున్న టైరు కొంటే ఆ రెండేళ్లూ మీ డబ్బులోంచి పోయినట్టే. సరిగా నిల్వ ఉంచిన టైరు తొందరగా చెడిపోదని కంపెనీలు అంటాయి, అది నిజమే, కానీ తాజాది దొరుకుతుంటే పాతదానికి అదే ధర ఎందుకివ్వాలి? మీ సైజు అక్కడ తక్కువ అమ్ముడవుతుంటే అది షాపులో ఎక్కువకాలం పడి ఉంటుంది. అందుకే ఎదురుగా ఉన్నదాన్ని వెంటనే బిగించేస్తానన్న షాపు కన్నా, నాలుగు రోజులాగండి, కొత్త బ్యాచ్ తెప్పిస్తానన్న షాపు మీకు మంచిది.

ఆన్‌లైన్‌లో కొన్న సభ్యురాలు:
అక్కా, నేను ఆన్‌లైన్‌లో తీసుకున్నాను. ధర తక్కువన్నది నిజమే, నాలుగు కంపెనీలు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. కానీ ఏ వారం సరుకు పంపిస్తారో చాలాచోట్ల ముందుగా చెప్పరు. నాకు వచ్చినవాటిలో రెండు ఒక ఏడాదివి, రెండు అంతకు ముందు ఏడాదివి. బిగించకముందే చూశాను కాబట్టి వెనక్కి పంపి మార్పించుకున్నాను. రిమ్ముకి ఎక్కించాక అయితే ఎవరూ తీసుకోరు. కొనేముందు వాపసు నిబంధన చదువు, సరుకు రాగానే అంకెలు ఫోటో తీసి పెట్టుకో. ఇంకో మాట, పార్సెల్ ఇంటికి తెప్పించుకుని వేరే షాపుకి పట్టుకెళ్తే బిగించడానికి వాళ్లు విడిగా డబ్బు తీసుకుంటారు, కొందరు అసలు ముట్టుకోరు. అమ్మినవాళ్లే బిగించే షాపు చూపిస్తే ఆ బాధ లేదు.

టైర్ల పనిలో ఉన్న సభ్యుడు:
చెల్లెమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ధర పోల్చేటప్పుడు టైరు ధర ఒక్కటే చూడకండి. పాతవి విప్పడం, కొత్తవి ఎక్కించడం, వాల్వులు, బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమం చేయడం), అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం), పన్ను అన్నీ కలిపి ఎంతో ప్రతిచోటా ఒకేలా అడగండి. అప్పుడు ఆన్‌లైన్‌కీ షాపుకీ ఉన్న తేడా చాలాసార్లు సగానికి సగం తగ్గిపోతుంది.

వయసు మళ్లిన బండికి బిగించే చెయ్యి ముఖ్యం. పాత రిమ్ము అంచున తుప్పు గాని, అల్లాయ్ అయితే తెల్లటి పొక్కులు గాని ఉంటాయి. టైరు అంచు సరిగ్గా అక్కడే కూర్చోవాలి. దాన్ని బ్రష్షుతో రుద్ది శుభ్రం చేయకుండా ఎక్కిస్తే ఎంత మంచి టైరైనా కొద్దికొద్దిగా గాలి వదులుతూనే ఉంటుంది, మీరు టైరుని తిట్టుకుంటారు. రబ్బరు వాల్వు పాతదే ఉంచేస్తే అదీ అంతే, కొత్త టైరుతోపాటు కొత్త వాల్వు వేయించాలి. నట్లని గాలి గన్నుతో దడదడా బిగించి వదిలేస్తే పాత బోల్టుల మర పోతుంది. చివరి బిగింపు టార్క్ రెంచితో, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే రెంచితో, కారు పుస్తకంలో ఉన్న కొలతకి చేయాలి. టార్క్ రెంచి ఉందా అని ఫోన్లోనే అడగండి. ఆ ప్రశ్నకి విసుక్కునే షాపుకి వెళ్లవద్దు.

అలైన్‌మెంట్‌కి ముందు బండిని పైకెత్తి చక్రాలని పట్టి ఉంచే కింద భాగాలు, అంటే బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు చూపించుకోండి. వాటిలో లూజు ఉండగా చేసిన అలైన్‌మెంట్ నిలవదు. మీ పాత టైర్లే సాక్ష్యం చెప్తాయి, పారేసేముందు చూడండి. లోపలి అంచు ఒక్కటే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువతో నడిపారు, మధ్యలో అరిగితే ఎక్కువతో. చుట్టూరా అక్కడక్కడా పల్లాలు పడితే షాక్ అబ్జార్బర్ల మీద అనుమానం పెట్టుకోవాలి.

సర్వీస్ సెంటర్‌లో ధర ఎక్కువే. కానీ వాళ్లకి మీ మోడల్ కింద భాగాలు బాగా తెలుసు, సైజు తప్పు జరగదు. ఒక్క కంపెనీ టైర్లే అమ్మే షాపులో సరుకు సాధారణంగా తాజాగా ఉంటుంది, వారంటీ అడగడం తేలిక, కానీ ఎంచుకోవడానికి ఉండదు. అన్ని కంపెనీలూ అమ్మే షాపులో బేరానికి చోటుంటుంది, అయితే తమకి లాభం మిగిలేదాన్నో, మూల పడి ఉన్నదాన్నో ముందుకు తోస్తారు. మీరు కంపెనీ, మోడల్, సైజు ముందే రాసుకుని వెళ్తే ఆ తోపుడు పనిచేయదు. మీకు నా సలహా ఈ చివరిదే, తాజా సరుకు తెప్పించే షరతు మీద.

అడిగినవారు:
సెకండ్‌హ్యాండ్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన పెద్దాయన, మాట కాదనడం కష్టంగా ఉంది.

టైర్ల పనిలో ఉన్న సభ్యుడు:
వద్దమ్మా. ఆయన మంచి మనసుతోనే చెప్పుంటారు. కానీ వాడిన టైరు లోపల ఏం జరిగిందో బయటి నుంచి కనిపించదు. గాలి లేకుండా కొంత దూరం నడిచిన టైరుకి లోపలి గోడ నలిగి పొడి రాలుతూ ఉంటుంది, బయట నల్లగా పాలిష్ కొట్టి పెడతారు. గుంటలో పడ్డప్పుడు లోపల దారాలు తెగితే తర్వాత ఎప్పుడో పక్క గోడ ఉబ్బుతుంది. పంచరు నడిచే భాగంలో పడితే బాగుచేయవచ్చు, పక్క గోడ మీద పడితే కుదరదు, అయినా అతికించి అమ్మేవాళ్లున్నారు. పైగా మీరు మారుస్తున్నదే వయసు వల్ల. వయసైన టైరు తీసి ఇంకో వయసైన టైరు వేయడంలో మీకు మిగిలేదేమీ లేదు. డబ్బే ఇబ్బంది అయితే ఇప్పుడు ముందువి రెండూ, కొన్ని నెలల్లో మిగతావీ మార్చండి, అంతేగానీ వాడినవి కొనకండి.

ఇంకో సభ్యుడు:
రెండే కొంటే ముందు చక్రాలకే కదా వేయాలి? ఇంజను బలం, స్టీరింగ్ రెండూ అక్కడే కదన్నా?

టైర్ల పనిలో ఉన్న సభ్యుడు:
అందరూ అలాగే అనుకుంటారు తమ్ముడూ. కొత్తవి రెండూ వెనక్కే వేయాలి, ముందు చక్రాలు లాగే బండి అయినా సరే. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే బండి తిన్నగా పోతుంది, యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది, మామూలు డ్రైవరు దాన్ని ఆపలేడు. పైన ప్రశ్న అడిగినావిడకి రెండు మార్చమన్నప్పుడు ముందువి అన్నది వయసు ఎక్కువైనవి తీసేయమని. వెనకున్న 2016వి ముందుకి తెచ్చి, కొత్తవి వెనక వేయించాలి.

అడిగినవారు:
అర్థమైంది. స్టెప్నీతో కలిపి అయిదూ ఒకేసారి తీసుకుంటాను. ఒక షాపాయన ఈ ఏడాది సరుకే తెప్పిస్తానని, టార్క్ రెంచి ఉందని, దగ్గరుండి చూసుకోవచ్చని అన్నారు. నైట్రోజన్ పట్టించుకోమంటున్నారు, విడిగా డబ్బుట. అవసరమా?

టైర్ల పనిలో ఉన్న సభ్యుడు:
మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. ఉచితంగా ఇస్తే పట్టించుకోండి, డబ్బిచ్చి అక్కర్లేదు. నెలకోసారి టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిపించుకుంటే చాలు, తలుపు పక్కన కాగితం మీద ఎంత ఉందో అంత.

టైర్లు రాగానే అయిదింటి అంకెలూ మీరే చదివి, తర్వాతే రిమ్ముకి ఎక్కించనివ్వండి. బిల్లు మీద టైరు సీరియల్ నంబర్లు రాయించుకోండి, తయారీ లోపం బయటపడితే వారంటీకి అవే ఆధారం. అలైన్‌మెంట్ ముందూ తర్వాతా కొలతలున్న కాగితం తీసుకోండి. యాభై నుంచి వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ వెళ్లి నట్లు బిగింపు చూపించుకోండి, మంచి షాపు దానికి డబ్బు అడగదు. కొత్త టైరు పైన అచ్చు నుంచి సులువుగా ఊడడానికి పూసిన జారుడు పూత ఉంటుంది, అది పోయేదాకా మొదటి కొన్ని వందల కిలోమీటర్లు వేగంగా మలుపులు తిప్పడం, గట్టిగా బ్రేకు కొట్టడం వద్దు, వానలో మరీను.