అరాకిడిక్ ఆమ్లంలో మన చెనిక్కాయ

మా అనంతపురంలో ఎటు చూసినా చెనిక్కాయ చేలే. ఆ మొక్కకు శాస్త్రంలో పేరు అరాకిస్ హైపోజియా. చెనిక్కాయ నూనెలో కొద్దిగా ఉండే ఒక కొవ్వు ఆమ్లానికి దాని మీదుగానే అరాకిడిక్ ఆమ్లం అని పేరొచ్చింది. ఇంటర్ చదివే మా పాప నోట్సులో మాత్రం ఐకోసనోయిక్ ఆమ్లం అని ఉంది. "రెండూ ఒకటేనా నాన్నా?" అని అడిగింది.

ఒకటే. గ్రీకులో ఐకోసి అంటే ఇరవై. ఇరవై కార్బన్ల గొలుసు, చివర కార్బాక్సిల్ సమూహం (ఆమ్లగుణాన్నిచ్చే COOH ముక్క) ఉందని చెప్పే ఓయిక్ అనే పరపదం. ఆ సమూహంలోని కార్బన్‌నూ లెక్కలో కలుపుకోవాలి. పిల్లలు తప్పేది అక్కడే.

పాత పేరు పుట్టిల్లు చెబుతుంది. ఫార్మిక్‌లో చీమ, ఎసిటిక్‌లో వెనిగర్ ఉన్నాయి. కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ మూడింటిలోనూ ఉన్నది మేకే. మేకపాల వాసన సీమవాళ్లకు ఒకరు చెప్పాలా! కానీ వీటిలో ఎనిమిది కార్బన్లది ఏదంటే తడుముకోవాల్సిందే. హెక్సనోయిక్, ఆక్టనోయిక్, డెకనోయిక్ అంటే ఆ టెన్షన్ లేదు, 6, 8, 10 పేరులోనే పలుకుతాయి. 1892లో జెనీవాలో రసాయన శాస్త్రవేత్తలు కూర్చుని ఈ పద్ధతికి పునాది వేశారు.

నాకు ఎంతో నచ్చింది ఇంకొకటి. పెంట, హెక్స గ్రీకు అంకెలు. నాలుగుకు వాడే బ్యూట్ అంకె కాదు! బ్యూటిరిక్ ఆమ్లం నుంచి వచ్చింది. లాటిన్‌లో బ్యూటిరమ్ అంటే వెన్న. బ్యూటనోయిక్ అన్నప్పుడల్లా వెన్న పేరే తలుస్తున్నాం.

*

అన్నా, మా కర్నూలు వైపు వాటిని బుడ్డలు అంటాం. అరాకిడోనిక్ ఆమ్లం కూడా బుడ్డల్లోదేనా?

*

కాదక్కా. అరాకిడిక్‌ను చూసి పెట్టిన పేరే, కార్బన్లూ ఇరవయ్యే. కానీ గొలుసులో నాలుగు ద్విబంధాలున్నాయి. అది మాంసంలో, గుడ్లలో ఉంటుంది, చెనిక్కాయల్లో కాదు. ఇక్కడ పాత పేరును నమ్ముకుంటే దారి తప్పుతాం.

*

ఇట్లాంటి పేర్లు తెలుగులో పెట్టుకోలేమా? మాది కడప, ఇంటిపక్క పులిచింతాకు బోలెడు.

*

ఎందుకు పెట్టుకోలేం? పులిచింత శాస్త్రీయ నామం ఆక్సాలిస్. గ్రీకులో దానికీ పులుపే మూలం. అందులోంచే ఆక్సాలిక్ ఆమ్లం అనే పేరు వచ్చింది. పులిచింతామ్లం అని నేనైతే సంతోషంగా అంటాను. పాప నోట్సులో మాత్రం పక్కనే ఇథేన్‌డైఓయిక్ అని రాయిస్తాను. రెండు కార్బన్లు, రెండూ కార్బాక్సిల్‌వే.