అర పలకలకు అడ్డగాడి కచ్చితంగా తీయడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. పుస్తకాల బీరువా కోసం 18 మి.మీ. ప్లైవుడ్ తెచ్చి, నిలువు పలకల్లో అడ్డగాడులు (అర పలక చివర కూర్చునేలా పలకకు అడ్డంగా తీసే గాడులు) తీసి అరలు బిగించాలనుకున్నాను. 18 మి.మీ. రూటర్ బిట్‌తో (రూటర్ అంటే చెక్కలో గాడి తొలిచే యంత్రం, బిట్ అంటే దానిలో తిరుగుతూ కోసే పనిముట్టు) ఒక తుండు ముక్క మీద గాడి తీసి చూస్తే, అర పలక అందులో అటూ ఇటూ ఊగుతోంది. పైగా బిట్ బయటికి వచ్చే చివర పైపొర పెచ్చులుగా లేచిపోయింది. ఈ వదులు ఎందుకు వస్తోందో, రెండు నిలువు పలకల్లోనూ గాడులు ఒకే ఎత్తున పడాలంటే ఏం చేయాలో అనుభవమున్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మొదటి జవాబు

అయ్యా, 18 అని చెప్పి అమ్మే ప్లైవుడ్ తరచుగా అంతకంటే కాస్త పలుచగానే ఉంటుంది. అందువల్ల గాడి వెడల్పును అంకెతో కాక, అందులో కూర్చోబోయే పలకతోనే కొలవాలి. నేను చేసే పద్ధతి ఇది: నిలువు పలక మీద మూలమట్టంతో సరిచూసి ఒక తిన్నని పట్టీని క్లాంపులతో బిగిస్తాను, దానికి ఆనించి అర పలక ముక్కనే నిలబెట్టి, అటువైపు రెండో పట్టీని బిగించి, ముక్కను తీసేస్తాను. మిగిలిన సందే గాడి వెడల్పు. కోసే అంచులకు పైన బేరింగ్ (పట్టీకి ఆనుకుని దొర్లే చిన్న చక్రం) ఉన్న 12 మి.మీ. బిట్‌ను ఎడమ పట్టీకి ఆనిస్తూ ముందుకు, కుడి పట్టీకి ఆనిస్తూ వెనక్కు నడపాలి. అలా నడిపితే బిట్ తిరిగే తీరే రూటర్‌ను పట్టీకి అదిమిపెడుతుంది, పక్కకు లాగదు. లోతు 6 మి.మీ. చాలు, అంటే పలక మందంలో మూడో వంతు; దాన్ని కూడా రెండు దఫాలుగా తీయండి.

ఎత్తు విషయానికి వస్తే, రెండు నిలువు పలకలనూ పక్కపక్కన చేర్చి, కింది అంచులు సమంగా పెట్టి, రెండింటి మీదుగా ఒకేసారి గాడి తీయడం కంటే నమ్మకమైన దారి నాకు తెలియదు.

రెండో జవాబు

పెచ్చులు లేవకుండా ఉండాలంటే, రూటర్ పెట్టకముందే గాడి రెండు అంచుల వెంట పదునైన కత్తితో లోతుగా గీత పెట్టండి. పైపొర పీచు ముందే తెగి ఉంటుంది కాబట్టి బిట్ దాన్ని లేపలేదు. బిట్ బయటపడే చివర ఒక తుండు ముక్కను గట్టిగా ఆనించి బిగించడం మరవకండి.

టేకు వంటి గట్టి చెక్కలో చేత్తో తీసేటప్పుడు కూడా ఆ కత్తి గీతే ఆధారం. గీత లోపలివైపు ఉలితో సన్నగా వాలు తీస్తే రంపం అందులో కూర్చుని పక్కకు జారదు. తరువాత మధ్యలోని చెక్కను రెండు చివరల నుంచీ నడిమికి ఉలితో తీయాలి; ఒకే వైపు నుంచి తోసుకుంటూ పోతే అవతలి అంచు చిట్లుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. వెర్నియర్‌తో కొలిస్తే నా పలక 17.2 మి.మీ. మాత్రమే ఉంది. పట్టీల పద్ధతిలో తీసిన గాడిలోకి పలక అరచేతి ఒత్తిడికే దిగి, వదిలేసినా నిటారుగా నిలబడింది. జిగురు తడికి చెక్క కాస్త ఉబ్బుతుంది కదా, ఇంతకంటే బిగువు అవసరమా?

మొదటి జవాబు ఇచ్చినవారు

అవసరం లేదు, అదే సరైన బిగువు. సుత్తితో కొడితేగాని దిగనంత బిగువుగా ఉంటే జిగురంతా అంచుల దగ్గరే గీసుకుపోయి బయటికి వస్తుంది.