ఆడవాళ్ల దుస్తుల దిగుమతి: సరఫరాదారు వేసిన హెచ్.ఎస్. కోడ్లు (కస్టమ్స్‌లో సరుకును వర్గీకరించే అంకెలు) సరైనవేనా?

ప్రశ్న: మూడు రకాలు వస్తున్నాయి. ఒకటి నేత బట్ట టాప్, చేతుల్లేవు, అడుగున బిగించే నాడా ఉంది; కాటన్ 50%, పాలిస్టర్ 50%. రెండోది నిట్ డ్రెస్. కాటన్ 40%, పాలిస్టర్ 35%, విస్కోస్ 25%. అదే కవర్లో ఒక స్కార్ఫ్ పెట్టారు. మూడోది టాప్, ప్యాంటు సెట్టు. రెండూ నేత బట్ట, 100% కాటన్, కానీ టాప్ పూల ప్రింటు, ప్యాంటు ప్లెయిన్. సరఫరాదారు వరసగా 6206.30, 6204.42, 6204.22 వేశాడు. ఇవే ఉంచవచ్చా అండీ?

జవాబు 1: ఉంచకండి, మూడూ మార్చాలి. ముందు తేల్చాల్సింది బట్ట నిట్టా, నేతా అన్నది. నిట్ అయితే 61వ అధ్యాయం, నేత అయితే 62. తర్వాత అది ఏ రకం దుస్తు, ఆ తర్వాతే నూలు, అంటే కాటన్, పాలిస్టర్ లాంటి పీచు ఏదన్నది. చాలామంది లేబుల్ మీది కాటన్ శాతంతో మొదలుపెట్టి దారి తప్పుతారు. బ్రాలు మాత్రం నిట్ అయినా నేత అయినా 6212లోకే వెళ్తాయి.

సాగుతుంది కదా అని నిట్ అనుకోకండి; ఎలాస్టేన్ (సాగే పీచు) కలిసిన నేత బట్టా సాగుతుంది. భూతద్దంలో చూడండి. పడుగు, పేక ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతుంటే నేత. ఒక ఉచ్చులోంచి మరో ఉచ్చు వస్తుంటే నిట్.

మీ మొదటి టాప్ 6206 (బ్లౌజులు, షర్టులు)లోకి రాదు. చేతుల్లేకపోవడం అడ్డం కాదు, బ్లౌజుకు చేతులు లేకపోయినా ఫర్వాలేదు. అడ్డం ఆ నాడాయే. అడుగున బిగింపు ఉన్నా, నడుము కింద జేబులున్నా 6206 కుదరదని 62వ అధ్యాయం 4వ నోట్ (అధ్యాయం మొదట్లో ఇచ్చే నియమం) చెబుతుంది. కాబట్టి ఇది 6211 (ఇతర దుస్తులు).

జవాబు 2: నూలు సంగతి నేను చెబుతాను. లెక్క బరువు మీద, పై బట్టదే; లైనింగ్ కలపకూడదు. 50-50 వచ్చినప్పుడు అధ్యాయాల వరసలో చివరిది తీసుకోవాలి. కాటన్‌ది 52వ అధ్యాయం, పాలిస్టర్‌ది 54 లేదా 55, కనుక ఇది మానవ నిర్మిత నూలు: 6211.43. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ల్యాబ్‌లో కాటన్ 52% అని తేలితే కోడ్ 6211.42కి మారిపోతుంది. ఆ లాట్ బట్టకే పరీక్ష రిపోర్టు తెప్పించుకోండి, పాత లాట్‌ది పనికిరాదు.

డ్రెస్‌లో కాటనే ఎక్కువ కనిపిస్తుంది గాని, 54, 55 అధ్యాయాలను కలిపి ఒకే అధ్యాయంగా లెక్కించాలి. 35, 25 కలిస్తే 60%, కాటన్ వెనకబడింది. ఆ 60లో పాలిస్టర్ విస్కోస్ కన్నా ఎక్కువ, అంటే సింథటిక్. నిట్ కాబట్టి 6104.43. విస్కోస్, మోడాల్, లయోసెల్ సింథటిక్ కావు, ఆర్టిఫిషియల్ (చెట్ల గుజ్జు నుంచి తీసిన పీచు) వర్గం. లేబుల్ మీద వెదురు అని ఉన్నవి చాలావరకు విస్కోసే. పరీక్ష చేయించకుండా మొక్కల నార కింద వేయకండి.

అడిగినవారు: మరి సెట్టు? టాప్, ప్యాంటు ఒకే హ్యాంగర్‌కు వస్తాయి, విడివిడిగా అమ్మరు.

జవాబు 1: ఒకే ప్యాకింగ్ చాలదండీ. ఎన్సెంబుల్ (ఒకే కోడ్ కింద వేసే జత దుస్తులు, సరఫరాదారు వేసిన 6204.22) కావాలంటే అన్ని భాగాలకూ బట్ట అల్లిక, స్టైల్, రంగు, నూలు ఒకటే కావాలి, సైజులు కుదరాలి. ప్రింటుకూ ప్లెయిన్‌కూ రంగు కలవదు. టాప్ 6206.30, ప్యాంటు 6204.62 అని విడగొట్టండి, విలువ కూడా విడిగా చూపండి. 11వ సెక్షన్ 14వ నోట్ ప్రకారం వేర్వేరు హెడ్డింగుల (నాలుగంకెల కోడ్ల) దుస్తులు సెట్టుగా అమ్మినా వేటి హెడ్డింగ్ వాటిదే.

స్కార్ఫ్‌కు మాత్రం ఆ నోట్ వర్తించదు. అందులో దుస్తులంటే 6101 నుంచి 6114, 6201 నుంచి 6211 వరకే. డ్రెస్‌తో కలిసి వాడేదై, మళ్లీ ప్యాకింగ్ అవసరం లేకుండా ఒకే కవర్లో అమ్మకానికి వస్తే వర్గీకరణ సాధారణ నియమాల్లోని 3(బి) (సెట్టుకు ముఖ్య స్వభావం ఇచ్చే వస్తువు కోడే మొత్తానికి వేయాలనేది) కింద డ్రెస్ కోడే కోరవచ్చు. వేరే కార్టన్లో వస్తే నిట్‌ది 6117.10, నేతది 6214. నేత స్కార్ఫ్ చతురస్రమై ఏ పక్కా 60 సెం.మీ. దాటకపోతే అది చేతిరుమాలు, 6213.

జవాబు 3: ఇన్‌వాయిస్‌లో ఒట్టి "లేడీస్ టాప్" అని ఉంటే కస్టమ్స్ అధికారి ఆపడం న్యాయమే, అందులో ఏమీ తెలియదు కదా. నిట్/నేత, నూలు శాతాలు, చేతులు, మెడ దగ్గర తెరుపు, జేబులు ఎక్కడ, అడుగున బిగింపు, ప్లాస్టిక్ పూత, ఇవన్నీ రాయించండి. కంటికి కనిపించే పూత ఉన్న నేత బట్టతో కుడితే 6210కి పోతుంది. ముందు బొత్తాలుంటే కుడి అంచు ఎడమ అంచు మీదికి రావడం ఆడవాళ్ల తీరు. మగవాళ్లదో ఆడవాళ్లదో తేలనివీ ఆడవాళ్ల హెడ్డింగుల్లోకే వెళ్తాయి.

ఇవన్నీ ఆరంకెల వరకే. ఆపైన అంకెలు, సుంకం దిగుమతి దేశం టారిఫ్‌లో చూడాలి. ఇదే మోడల్ మళ్లీ మళ్లీ తెప్పించేటట్టయితే శాంపిల్, ల్యాబ్ రిపోర్టు జతచేసి, సరుకు ఓడెక్కకముందే కస్టమ్స్ దగ్గర అడ్వాన్స్ రూలింగ్‌కు (కోడ్‌పై ముందస్తు నిర్ణయానికి) దరఖాస్తు పెట్టండి. 50-50 టాప్‌కు ముందుగా పెట్టండి.