మా అపార్ట్‌మెంట్ లాన్‌లో యూరియా: ఆపమని చెప్పే అధికారం ఎవరిది?

ప్రశ్న: పెదరావూరు ఆడపడుచు (బెళ్లందూరు, బెంగళూరు)

తెనాలి పక్క పల్లెలో పుట్టినదాన్ని. మూడేళ్లుగా మా అబ్బాయి దగ్గర, బెళ్లందూరు చెరువుకు కిలోమీటరు దూరంలో ఉంటున్నాను. మా బ్లాకు ముందు అరెకరం లాన్ ఉంది. దాని మీద ఎవరూ నడవకూడదు, పిల్లలు ఆడకూడదు. చూడటానికే పెంచుతున్నారట. ఆ సంగతి మరోసారి.

పోయిన మంగళవారం సాయంత్రం నాలుగింటికి మబ్బు కమ్ముకొస్తుంటే బాల్కనీలో ఆరేసిన బట్టలు తీస్తున్నాను. కింద మాలి బకెట్ చంకన పెట్టుకుని పిడికిళ్లతో ఏవో గుళికలు విసురుతున్నాడు. గడ్డి విత్తనాలేమో అనుకుని దిగి వెళ్లాను. నాలుగు గుళికలు అరచేతిలోకి తీసుకుంటే వేపనూనె వాసన. యూరియా! మెట్ల పక్కనే మూతి కోసిన 45 కిలోల కట్ట ఉంది.

"వాన వస్తుంటే ఇప్పుడు చల్లుతావేం బాబూ?" అని అడిగాను. అతనిది రాయచూరు, తెలుగు చక్కగా వచ్చు. "వాన ముందు చల్లితే మళ్లీ నీళ్లు పెట్టే పని ఉండదని కాంట్రాక్టరు చెప్పాడమ్మా" అన్నాడు. అరగంటలో కుంభవృష్టి. లాన్ అంచున ఉన్న జాలీలోంచి నీళ్లు గుడగుడమంటూ కాలువలోకి దిగిపోయాయి. ఆ కాలువ ప్రహరీ దాటి రాజకాలువెలో (ఇక్కడ పెద్ద వాననీటి కాలువను అలా అంటారు) కలుస్తుంది, రాజకాలువె చెరువులో కలుస్తుంది.

మా నాన్నగారు వరికి పైపాటుగా యూరియా వేయాలంటే ముందు చేలో నీరు తీసేసేవారు. యూరియాను వేపపిండితో కలిపి రాత్రంతా ఉంచి పొద్దున్నే చల్లేవారు. మళ్లీ నీరు కట్టడానికి రెండు రోజులు ఆగేవారు. మబ్బు పట్టిన రోజున కట్ట విప్పితే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. "డబ్బు కాలువలో పోస్తావేమిరా" అనేది.

అసోసియేషన్‌లో అడిగాను. తోట ఒప్పందంలో "లాన్ ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలి" అని ఉందట, ఎలా పచ్చగా ఉంచాలన్నది లేదట. ఒక కార్యాలయానికి వెళితే ప్రహరీ లోపలి సంగతి తమది కాదన్నారు. మరో చోట లాన్ పంట కాదు కాబట్టి తమకు సంబంధం లేదన్నారు. ఇంకో చోట నా అర్జీ తీసుకుని, దాని మీద టీ గ్లాసు పెట్టారు.

మా పెద్దమ్మాయి ఫ్లోరిడాలో ఉంటుంది. వాళ్ల ఊళ్లో వానాకాలం నాలుగు నెలలూ లాన్‌కు ఎరువు వేయకూడదని నగరమే చట్టం చేసుకుందట. మరి ఇక్కడ ఆ మాట చెప్పవలసింది ఎవరు? నగరపాలికా, రాష్ట్రమా, ఢిల్లీయా, మా అసోసియేషనేనా? నాకు ఎవరి మీదా కేసు వేయాలని లేదు. కట్ట విప్పే ముందు ఒకసారి ఆకాశం చూడమని చెప్పగలిగినవారు ఎవరో తెలిస్తే చాలు.

జవాబు 1: తిరిగొచ్చినవాడు (మారతహళ్లి)

అమ్మా, మీ అమ్మాయి చెప్పింది నిజమే. నేను తొమ్మిదేళ్లు ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉండి వచ్చాను. ఆ ఊరు ఉన్న పినెల్లస్ కౌంటీలో జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు నత్రజని గానీ భాస్వరం గానీ ఉన్న ఎరువును లాన్‌కు వేయకూడదు. అక్కడ వానలు పడేది ఆ నెలల్లోనే. వేయడమే కాదు, ఆ నాలుగు నెలలూ దుకాణాల్లో అమ్మడం కూడా కుదరదు. మొదటి ఏడాది విసుక్కున్నాను. రెండో ఏడాది నుంచి నాలుగు నెలల పని తప్పిందని సంతోషించాను. గడ్డి చచ్చిపోలేదు.

అయితే అక్కడా తగవు లేకపోలేదు. 2023లో రాష్ట్ర శాసనసభ ఏం చేసిందంటే, బడ్జెట్‌లో ఒక నిబంధన దూర్చి, ఏడాది పాటు కౌంటీలు, నగరాలు ఇలాంటి నిషేధాలు కొత్తగా తేకూడదంది. పాతవి అలాగే ఉన్నాయి. ఈలోగా ఈ నిషేధాల వల్ల ప్రయోజనం ఉందో లేదో తేల్చమని ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి రెండున్నర లక్షల డాలర్లు ఇచ్చింది. ఎరువుల కంపెనీల వైపు వాదన: గడ్డి బాగా పెరిగేది వానల్లోనే, అప్పుడే తిండి తీసుకుంటుంది, ఆకలితో ఉన్న గడ్డికి వేళ్లు బలంగా ఉండవు, పైగా ఊరికో నియమం ఉంటే వ్యాపారం చేసేదెలా అని. ఊళ్ల వాదన ఒక్కటే: నీళ్లు పచ్చబడి చేపలు చచ్చి తేలితే పర్యాటకులు రానిది మా తీరానికి, రాజధానికి కాదు.

మిన్నెసోటా కథ దీనికి తిరగేసినది. అక్కడ రాష్ట్రమే 2002లో చట్టం చేసి లాన్లకు భాస్వరం వద్దంది. 2004లో అక్కడి జంట నగరాలైన మినియాపొలిస్, సెయింట్ పాల్ ప్రాంతంలో, 2005లో రాష్ట్రమంతటా అమలైంది. మట్టి పరీక్షలో భాస్వరం తక్కువని తేలినా, కొత్తగా లాన్ వేసుకుంటున్నా మినహాయింపు ఉంది. కాబట్టి పైనుంచి వచ్చిన నియమమల్లా చెడ్డదని నేననను. పైవాడు తాను చేయడు, కిందివాడిని చేయనివ్వడు చూడండి, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

జవాబు 2: పాత డీలరు (కృష్ణరాజపురం)

మదనపల్లెలో ముప్పై ఏళ్లు ఎరువుల దుకాణం నడిపినవాణ్ని, ఈ విషయంలో నాకు కొంత తెలుసు. ఎరువుకు సంబంధించిన పెత్తనమంతా కేంద్రానిది. నిత్యావసర సరకుల చట్టం 1955లోది, దాని కింద వచ్చిన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985లోది. ఎవరు అమ్మాలి, ఏ ధరకు అమ్మాలి, యూరియాలో నత్రజని 46 శాతం ఉందా లేదా, అన్నీ అందులో ఉంటాయి. నా దుకాణానికి తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరు మాత్రం రాష్ట్ర వ్యవసాయ శాఖ మనిషి. అంటే రాసేది ఢిల్లీ, వచ్చి నిలబడేది రాష్ట్రం. కొన్నవాడు ఏ రోజున చల్లాలన్నది అందులో ఎక్కడా లేదు.

ఇక నగరపాలిక సంగతి. 74వ రాజ్యాంగ సవరణతో చేరిన పన్నెండో షెడ్యూలులో పర్యావరణ రక్షణ, పార్కులు, తోటలు పట్టణ సంస్థల పనుల జాబితాలో ఉన్నాయి. కానీ ఆ జాబితాలోంచి ఏది ఎంత ఇవ్వాలన్నది రాష్ట్రం చేతిలో ఉంటుంది. బెంగళూరుకు ఇప్పుడు ఒకటి కాదు, ఐదు నగరపాలికలు, పైన ఒక ప్రాధికారం. మీ అర్జీ మీద టీ గ్లాసు పెట్టినాయన కూడా తన బల్ల ఎవరి కిందికి వస్తుందో ఇంకా వెతుక్కుంటూ ఉండవచ్చు.

నేనైతే మరో ప్రశ్న అడుగుతాను. ఆ కట్ట ఖరీదు 266 రూపాయల 50 పైసలు. అసలు ఖర్చు దానికి ఎన్నో రెట్లు, మిగతాది ప్రభుత్వం భరిస్తుంది, రైతు కోసం. దుకాణంలో యంత్రం మీద వేలిముద్ర పడితే గానీ కట్ట బయటికి రాదు. 2015లో యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేయడానికి ఒక కారణం, అది ఫ్యాక్టరీల పాలు కాకూడదనే. నేల సారానికి, పంట దిగుబడికి తప్ప ఎరువును మరో పనికి వాడకూడదని 1985 నాటి ఆ నియంత్రణ ఉత్తర్వులోనే ఉంది. లాన్ ఆ గీతకు ఇటు ఉందో అటు ఉందో లాయర్లు వాదించుకోవచ్చు. మీరు కాంట్రాక్టరును మర్యాదగా ఒక్క మాట అడగండి: "ఈ కట్ట ఎవరి వేలిముద్ర మీద వచ్చింది నాయనా?" అని.

జవాబు 3: ఎస్టీపీ మనిషి (వర్తూరు రోడ్డు)

ముందు ఒక నిష్ఠూరం. 2015లో బెళ్లందూరు చెరువు నుంచి రోడ్డు మీదికి లేచిన నురగ, 2017 ఫిబ్రవరిలో చెరువు మీద లేచిన మంట మీ లాన్ వల్ల రాలేదండి. శుద్ధి చేయకుండా వదిలిన మురుగు, అందులోని సబ్బు నీళ్లు వాటికి మూలం. ఆ చెరువు దాదాపు 900 ఎకరాలు. మీ అరెకరం దాని ముందు ఎంత? లాన్ల మీద పడి అసలు దొంగను వదిలేయకూడదని చెబుతున్నాను, అంతే.

అయినా మీరే గెలుస్తారు, వేరే కారణం మీద. మీ లాన్‌కు పెట్టేది ఎస్టీపీ నీళ్లే, అంటే మీ అపార్ట్‌మెంట్ మురుగును శుద్ధి చేసిన నీళ్లే కదా? మీ అసోసియేషన్ దగ్గర ఆ నీటి పరీక్ష నివేదిక ఉంటుంది. అందులో "మొత్తం నత్రజని" అన్న వరుస చూడండి. మీది లీటరుకు 18 మిల్లీగ్రాములు అనుకుందాం. అరెకరమంటే సుమారు 2,000 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 4 లీటర్ల లెక్కన రోజుకు 8,000 లీటర్లు, అంటే 144 గ్రాముల నత్రజని. ఏడాదిలో 250 రోజులు తడిపితే 36 కిలోలు. యూరియాలోకి మారిస్తే 78 కిలోలు. అంటే గొట్టంలోంచే ఏడాదికి పావు తక్కువ రెండు కట్టలు పడుతున్నాయి. భోజనం చేసి లేచినవాడికి మళ్లీ విస్తరి వేస్తున్నారు.

ఎవరిది అధికారం అన్నారు కాబట్టి, ఇది గుర్తుందా? 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు తోటలకు, కార్లు కడగడానికి తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అని నీటి బోర్డు ఒక్క ఉత్తర్వు ఇచ్చింది. వారంలో మా కాలనీలో పైపులన్నీ చుట్టి లోపల పెట్టేశారు. ఆ బోర్డు నగరపాలిక కాదు, 1964 నాటి రాష్ట్ర చట్టం మీద పుట్టినది. ప్రహరీ లోపలి సంగతి మాది కాదని అప్పుడెవరూ అనలేదు.

ప్రశ్న వేసినవారు: పెదరావూరు ఆడపడుచు

అందరికీ నమస్కారం. ఆలస్యంగా రాస్తున్నాను, మనవరాలికి జ్వరం.

నివేదిక అడిగాను. వారం తిప్పి ఇచ్చారు. మొత్తం నత్రజని 18 కాదు, 22 ఉంది. ఎస్టీపీ మనిషిగారి లెక్కను మా అబ్బాయి చేత కాగితం మీద మళ్లీ వేయించాను: 44 కిలోలు, యూరియాగా దాదాపు 96 కిలోలు. రెండు కట్టలు దాటింది! కాంట్రాక్టరు ఏడాదికి వేసేది నాలుగు కట్టలట. ఆ కాగితాన్ని ఆదివారం సమావేశంలో అందరి ముందూ చదివాను. గడ్డి పసుపెక్కితే ఫ్లాట్ల ధర పడిపోతుందని ఒకాయన అన్నారు. పసుపెక్కిన రోజున నన్ను పిలవమన్నాను.

డీలరుగారు చెప్పిన వేలిముద్ర మాట కూడా అడిగాను. కాంట్రాక్టరు ఫోను చూసుకుంటూ బయటికి వెళ్లి, పావుగంట తరువాత వచ్చి, ఇకమీదట వర్మికంపోస్టు వేస్తానన్నాడు. నవంబరు ఆఖరు దాకా యూరియా వద్దని ఒప్పందంలో ఒక పంక్తి చేర్చారు. ఢిల్లీ, రాష్ట్రం, ఐదు నగరపాలికల సంగతి అలాగే ఉంది. అర్జీకి జవాబు రాలేదు.

మిగిలిన అరకట్ట పంపు గదిలో ఉంది. నిన్న మాలి వచ్చి దాన్ని తీసుకెళ్లవచ్చా అని అడిగాడు. ఊళ్లో వాళ్ల అన్న రెండెకరాల వరి నాటాడట, కట్ట కోసం సొసైటీ ముందు రెండు రోజులుగా చెప్పులు వరసలో పెట్టి కూర్చున్నాడట. కార్యదర్శిని అడిగి తాళం ఇప్పించాను. సంచి మూతి కుడుతూ అతనే అన్నాడు, "వాన లేని రోజే చల్లమని చెబుతానమ్మా" అని.